పచ్చ దీపం మినుకుతున్నప్పుడు

ముందు అమ్మకి అన్నం పెట్టు, తర్వాత చెబుదాం, అన్నాడు బావ. అంతకు ముందు ఇంకో మాట కూడా అన్నాడు. ఆ మాటని నేనింకా లోపలికి రానివ్వలేదు. ఇన్సులిన్ సూది నా చేతిలోనే ఉంది, అత్త పొట్ట మీద పొడిచి తీశానో లేదో ఫోన్ మోగింది. ఆమె దూదితో ఆ చోటు నొక్కుకుంటూ మంచం అంచున కూర్చుని, చూపు ఆనదు కాబట్టి నా వైపు కాకుండా కొంచెం పక్కకి చూస్తూ, ఎవలే ఫోను, అంటోంది. పైడిబాబు బావ అత్తా, అన్నాను, ఆమె పెద్దకొడుకు. ఏటంట? ఏటీ లేదు, ఊరికినే. నా గొంతు మామూలుగానే వచ్చింది, ఎలా వచ్చిందో తెలియదు. సూదికి మూత పెట్టాను, మందు సీసా ఫ్రిజ్‌లో పెట్టాను, తలుపు గడియ వేశాను, కంచాలు తీశాను. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, వాటికెవరూ ఫోన్ చేసి చెప్పలేదు.

సునీల్ అయిపోనాడమ్మా. అదీ బావ ముందు అన్న మాట. ఆదిత్యపూర్‌లో, తను పనిచేసే ఫ్యాక్టరీ షెడ్డులో, కరెంటు ప్యానెల్ లోపల చెయ్యి పెట్టి పని చేస్తుంటే ఎవడో వచ్చి లైన్ ఆన్ చేశాడట. నా మొగుడు పనిలో దిగే ముందు స్విచ్చికి ఒక అట్ట తగిలిస్తాడు, కామ్ చాలూ హై అని, పని జరుగుతోంది ముట్టుకోవద్దని. ఇవాళ కూడా తగిలించాడట. అది నేల మీద పడి ఉందట. పడిందో, ఎవరైనా తీసి పడేశారో ఒక్కడూ చెప్పడం లేదట. నేను హాస్పిటల్లో ఉన్నాను, పోలీసోళ్ళొచ్చినారు, బాడీ రేపు గానీ ఇవ్వరు, నేనొచ్చి అమ్మకి చెప్తాను, నువ్వు నోరెత్తకు, ఎవల్నీ ఇంట్లోకి రానీకు, సూది ఏసేసినావేటి, అని గుక్క తిప్పుకోకుండా అడిగాడు. ఏసేసినాను బావా. అయితే తినిపించీ, ముందు తినిపించీ.

మందు లోపలికి వెళ్ళిపోయింది, ఇక వెనక్కి లాగలేం. అరగంటలో నాలుగు ముద్దలు పడకపోతే షుగరు పడిపోతుంది. మా మామ తవిటయ్య పోయిన రోజు అదే జరిగింది. టాటానగర్ లోకో షెడ్డులో ఇంజన్ల కింద బతుకంతా గడిపిన మనిషి, రిటైరయ్యాక ఓ పూట కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు, అత్త అప్పుడే సూది వేసుకుని ఉంది. శవం లేచేదాకా పొయ్యి వెలిగించరు, మెతుకు ముట్టరు, ఎవరు చెప్పినా వినరు. ఆమె కూడా ముట్టలేదు. మామ పక్కనే కళ్ళు తేలేసి పడిపోయింది. పెద్దకొడుకు తండ్రితో శ్మశానానికి, చిన్నకొడుకు తల్లితో ఆసుపత్రికి. తండ్రికి నిప్పు పెట్టడం సునీల్ చూడలేదు, ఆసుపత్రి వరండాలో గ్లూకోజు సీసా పట్టుకుని నిలబడ్డాడు. నిప్పు, నిప్పు అనుకోకూడదు ఇప్పుడు, కరెంటు అనుకోకూడదు, ప్యానెల్ లోపల చెయ్యి అనుకోకూడదు. అన్నం. గిన్నె మూత తియ్యి, అన్నం వడ్డించు, చేపల పులుసు వెయ్యి.

ఏవే, సినిమా పెట్టవా, అంది అత్త. కింద చాప మీదకి దిగి గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుంది. సినిమా లేకపోతే ఆమెకి ముద్ద దిగదు. నేను టీవీ వేశాను. దాని కింద గోడకి అతికించిన ప్లాస్టిక్ డబ్బాలో, అరచేతిలో పట్టేంత పచ్చటి బోర్డు, దాని మీద రెండు చిన్న దీపాలు. ఎర్రది ఎప్పుడూ వెలుగుతుంది, పచ్చది మినుకుతుంది. అంత చిన్న ముక్క కంప్యూటరని సునీల్ చెప్పినప్పుడు నేను నవ్వాను. అత్త నవ్వలేదు, తడిమి చూసి, ఇది అగ్గిపెట్టేటిరా, అంది. ఆమెకి కళ్ళు తగ్గిపోయాక, కేబుల్ వాడి మీటలు గుర్తుండక, అన్నీ హిందీ చానెళ్ళే వస్తున్నాయని విసుక్కుంటూ రిమోట్ నేలకేసి కొట్టినప్పుడు చేశాడు అది. ఒక ఆదివారమంతా నేల మీద బోర్లా పడుకుని వైర్లు కలిపాడు. వేలిగోరంత కార్డులో ఆమె పాత సినిమాలన్నీ నింపాడు, హరికథలు నింపాడు, పుట్టింటి ఊరి జాతర వీడియో ఎక్కడిదో సంపాదించి పెట్టాడు. రిమోట్‌లో ఒక్క మీట నొక్కితే చాలు, నిన్న ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచి మొదలవుతుంది. ఆ గుర్తు కూడా కార్డులోనే రాసుకుంటుందట. అత్త దాన్ని సునీల్ డబ్బా అంటుంది. భుయ్యాడీహ్‌లో మా వీధి ముసలాళ్ళందరికీ చెప్పింది, నా కొడుకు నాకు డబ్బా కట్టినాడని.

మీట నొక్కింది. రిమోట్ తొడ కింద దాచుకుంది, ఎవరికీ ఇవ్వదు. నలుపు తెలుపు మొహాలు వచ్చాయి. చనిపోయాడనుకున్న అన్న చివర్లో తిరిగి వచ్చే సినిమా, నిన్న సగంలో ఆపింది. తమ్ముడు అన్న ఫొటో ముందు ఏడుస్తున్నాడు. అత్త ముద్ద కలుపుతూ వాడితో, ఏడవకురా పిచ్చోడా, ఆడు సావలేదు, సివర్లో వత్తాడు, అంది. నేను గిన్నెకి మూత పెట్టాను. పచ్చ దీపం మినుకుతోంది.

ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది. నీ కంచమేదే. తర్వాత తింతాను అత్తా. ఏల తర్వాత? నానొక్కదాన్నీ తింతే నాకు దిగుద్దా, కూకో. ఆకలి లేదత్తా. కడుపులో ఏటైనా ఉన్నాదేటే, అని నవ్వింది, ముద్ద కంచంలో పెట్టేసింది. ఆమె అలవాటు నాకు తెలుసు. కోడలు పక్కన కూర్చుని తినకపోతే తను తినదు, పెళ్ళయి వచ్చిన కొత్తలో దాన్ని ప్రేమ అనుకున్నాను, తర్వాత కాపలా అనుకున్నాను, తర్వాత ఏమీ అనుకోవడం మానేశాను. కూర్చున్నాను. కంచంలో అన్నం పెట్టుకున్నాను, పులుసు పోసుకున్నాను. రోహు చేప ముక్కలు పొద్దున్న సునీలే తెచ్చాడు, డ్యూటీకి వెళ్ళే ముందు. ముల్లు జాగ్రత్త, అమ్మకి నడుం ముక్క పెట్టు, అన్నాడు. చెప్పులు వేసుకుంటూ అన్నాడు, అప్పుడు నేను చెయ్యి కడుక్కుంటున్నాను, వెనక్కి తిరగలేదు. ఆ అన్నం నేను తినాలి. నా మొగుడు ఆసుపత్రిలో ఇనప బల్ల మీద ఉన్నాడు, నేను చేపల పులుసన్నం తినాలి. రేపు ఎవరైనా అడుగుతారు, అప్పటికే తెలిసీ తిన్నదంట అంటారు, అననీ. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. మింగాను. నీళ్ళు తాగాను. అత్త నా నమిలే చప్పుడు విని తృప్తిగా తన ముద్ద ఎత్తుకుంది.

బాగున్నాదే పులుసు, అంది. కొంచెం ఉప్పు తగ్గినాది గానీ. తలకాయ ఏసీకు, ఆడికుంచు. ఉంచినాను అత్తా. అబద్ధం కాదు, గిన్నెలోనే ఉంది, ఎప్పుడూ తనకే ఉంచుతాను, తను తలకాయని చప్పరిస్తూ తింటుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది, అటు తిరిగి కూర్చుంటాను, అమ్మా చూడవే నీ కోడలు నా మొహం చూడదట అని ఫిర్యాదు చేస్తాడు, తల్లితో తెలుగు, నాతో సగం హిందీ. మా ఊళ్ళో మాటలాడినట్టు మాట్లాడతాడు కానీ తెలుగు అక్షరం ఒక్కటి రాదు. హిందీ స్కూల్లో చదివాడు, ఇక్కడి పిల్లలంతా అంతే. పలాస నుంచి వచ్చిన కొత్తలో నేను హిందీ అక్షరాలు నేర్చుకున్నాను, తనని తెలుగు నేర్చుకోమంటే, క్యా కరూంగా, ఏం చేసుకోను, రాసి ఎవరికి పంపాలి, అమ్మకి చదవడం రాదు, నువ్వు ఎదురుగానే ఉంటావు, అనేవాడు. ఎదురుగానే ఉంటావు. మెసేజీలు పెట్టడు, ఫోన్ చేస్తాడు, ఎక్కడున్నావు, ఏం వండావు, పెట్టేస్తాడు. ఆ మాటలు ఎక్కడా మిగలవు. పెళ్ళి వీడియోలో మేం మాట్లాడిన చోటల్లా మాటల మీద బ్యాండు పాట వేసేశారు. అంటే తన గొంతు, ఈ ప్రపంచంలో, ఆగు, ముద్ద మింగు, తన గొంతు ఇక ఒక్క చోటే ఉంది. ఆ డబ్బాలో.

సినిమా అయిపోగానే వస్తుంది అది. మరిచిపోయాను. ఇంతసేపూ అన్నం, సూది, తలుపు అనుకుంటూ అది మరిచిపోయాను. అత్త మాత్ర మరిచిపోతోందని తనే ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసి, కార్డులోకి ఎక్కించి, ఫోన్‌లోది తీసేసి, ప్రతి సినిమా తర్వాతా అది వచ్చేలా వరసలో పెట్టాడు. అమ్మా, నేనే. సినిమా అయిపోనాది. తిన్నావా? తెల్ల మాత్ర ఏసుకో, మంచినీళ్ళు ఎక్కువ తాగు. సాయంత్రం వత్తాను. అంతే. వెనక మా వీధి కుళాయి దగ్గర బకెట్ల చప్పుడు కూడా పడింది అందులో. అత్త రోజూ జవాబు చెబుతుంది, తిన్నాన్రా, ఏసుకుంతాను, నువ్వు తొరగా రా. ఇవాళ కూడా చెబుతుంది. సాయంత్రం వత్తాను అంటాడు, ఆమె తొరగా రా అంటుంది, నేను ఇక్కడ కంచం ముందు కూర్చుని వినాలి. వినలేను. అప్పుడు నా నోట్లోంచి ఏం వస్తుందో నాకు తెలియదు. ఆపెయ్యాలి. రిమోట్ ఆమె తొడ కింద ఉంది. అడిగితే ఏల అంటుంది. గోడ మీద స్విచ్చి ఉంది.

స్విచ్చి మీద నల్ల టేపు, టేపు మీద తెల్ల సిరాతో హిందీలో హాథ్ మత్ లగానా అని తన రాత, ముట్టుకోవద్దని. ఒకసారి ఇల్లు ఊడుస్తూ నేనే ఆపేశాను, పచ్చ దీపం మినుకుతుండగా. మళ్ళీ వేస్తే ఎర్రది వెలిగింది, పచ్చది వెలగలేదు, టీవీలో నల్లటి తెర. సాయంత్రం తనొచ్చి కార్డు తీసి చూశాడు, ఒక్కటీ మిగల్లేదు. తిట్టలేదు. పచ్చది మినుకుతోందంటే అది చదువుతోందనో రాస్తోందనో అర్థం, అప్పుడు కరెంటు లాగితే కార్డు చచ్చిపోతుంది పగలీ, పిచ్చిదానా, మెనూలోకి వెళ్ళి ఆపాలి, అన్నాడు. సినిమాలు మళ్ళీ స్నేహితుడి దగ్గర తెచ్చుకున్నాడు. తన మాట మళ్ళీ కొత్తగా రికార్డు చేశాడు. ఇప్పుడు వింటున్నది రెండోసారి చెప్పింది. మూడోసారి చెప్పడానికి. లేదు. ఆపను. పోనీ, రానీ, విననీ, నా నోట్లోంచి ఏమొస్తే అది రానీ, ఆ గొంతు మాత్రం ఉండాలి.

కిటికీ దగ్గర నీడ పడింది. పక్కింటి జగదాంబ పిన్ని. ఊచలు పట్టుకుని లోపలికి చూస్తోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, వీధికి తెలిసిపోయింది. నేను వేలు పెదాల మీద పెట్టుకున్నాను. ఆమె నా కంచం వైపు చూసింది, చేపముల్లు వైపు చూసింది, ఒక్క క్షణం ఆమె మొహంలో ఏదో కదిలింది, తర్వాత అత్త కంచం వైపు చూసి అర్థం చేసుకుంది. పెదాలు మాత్రం కదిపి, తిన్నాదా, అంది. సగం, అన్నట్టు చెయ్యి చూపించాను. తల ఊపి వెళ్ళి మా మెట్టు మీద కూర్చుంది. ఇంకెవరో వచ్చారు, ఆమె వాళ్ళ చెయ్యి పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. ఇంకొకరు. గాజులు చప్పుడు కాకుండా పైకి లాక్కుని, కొంగులు నోట్లో కుక్కుకుని, మా గుమ్మం బయట ఆడవాళ్ళంతా మా అత్త అన్నం తినడం అయ్యేదాకా కాచుకుని కూర్చున్నారు.

బయటెవలే, అంది అత్త. కళ్ళకి లేనిదంతా చెవుల్లోకి వచ్చింది ఆమెకి. నీళ్ళకొచ్చినారు అత్తా. ఈ ఏళప్పుడు కుళాయెక్కడిదే. వత్తాదేమోనని కూకున్నారు. మాటల్లేవేటి మరి, జగదాంబ నోరు మూసుకు కూకున్నాదా, దానికేటైనా వొచ్చినాదా, అంది. నవ్వాలి ఇక్కడ. నవ్వాను. అది నవ్వులాగే వినిపించి ఉంటుంది, అత్త కూడా నవ్వింది, ఇంకో ముద్ద తింది. ఇంకొంచెం అన్నం వడ్డించాను, వొద్దే అంటూనే తింది, సునీల్ తెచ్చిన చేప కదా అంది. ఆఖరి ముద్దకి కంచం అంచు దాకా వేళ్ళతో తుడిచింది. తినేసింది. బావా, తినేసింది. ఇక నా పని అయిపోయింది, ఇక నేను ఎవరికీ ఏమీ పెట్టక్కర్లేదు.

అప్పుడు స్కూటర్ చప్పుడు. తెర మీద అన్న గడ్డంతో తిరిగొచ్చాడు, తమ్ముడు కావలించుకున్నాడు, సంగీతం పెరిగింది. అత్త తల ఎత్తి, పైడిగాడి బండి కదే, ఈ ఏళప్పుడేటి, అంది. నేను లేచి గడియ తీశాను. బావ గుమ్మంలో నిలబడ్డాడు, ఆయన చొక్కా మీద నల్లటి మసి, తమ్ముణ్ణి ఎత్తినప్పటిది. ఏదో చెప్పాలని దారంతా కూడబలుక్కుని ఉంటాడు. అమ్మా, అన్నాడు. ఆ ఒక్క పిలుపులో మొత్తం ఉంది. అత్త ఎంగిలి చెయ్యి గాల్లో అలాగే ఆగిపోయింది. మొహం నా వైపు తిప్పి, నన్ను కాక నా పక్కన గోడని చూస్తూ, అందుకా తినిపించినావు, అంది.

ఆ తర్వాత అరుపు. అది ఆమెదో, బయట ఆడవాళ్ళదో, నాదో. వాళ్ళంతా ఒక్కసారిగా లోపలికి వచ్చారు, ఎవరో కంచాలు తీసేశారు, ఎవరో పొయ్యి మీద గిన్నె దించేశారు. అత్త రెండు చేతులతో నా మెడ పట్టుకుంది, ఆమె చేతి పులుసు నా చెవి వెనక వెచ్చగా కారుతోంది. ఆమె భుజం మీదుగా నాకు గోడ కనిపిస్తోంది. సినిమా అయిపోయింది. తెర ఒక్క క్షణం నల్లబడింది, కింద పచ్చ దీపం గబగబా మినుకుతోంది, సినిమా పూర్తయిందని రాసుకుంటోంది. చావింట్లో టీవీ ఏటమ్మా ఆపండి, అని ఎవరో అన్నారు. జగదాంబ పిన్ని గోడ దగ్గరకి వెళ్ళింది. మంచి మనిషి, ఏ ఇంట్లో ఎవరు పోయినా ముందు తనే వెళ్ళి టీవీ ఆపి, దేవుడి పటాలకి గుడ్డ కప్పి, అందరికీ టీ తన ఇంట్లోంచి తెస్తుంది. ఇన్నేళ్ళుగా హిందీ నీళ్ళలా మాట్లాడుతుంది, ఒక్క అక్షరం చదవలేదు. ఆమె బొటనవేలి గోరు టేపు అంచు మీద పడింది. మెల్లగా, పిల్లాడి గాయం మీద పట్టీ తీసినట్టు, లేపుతోంది.

పిన్నీ వద్దు, అందామని నోరు తెరిచాను. అంతసేపూ నొక్కి పెట్టుకున్నది మాటకి దారివ్వకుండా వచ్చేసింది. నా ఏడుపు విని, పాపం గుంట, ఏడవనివ్వండి, అన్నారెవరో. అప్పుడు తను మాట్లాడాడు. అమ్మా, నేనే. బావ డబ్బా వైపు తిరిగాడు. సినిమా అయిపోనాది. తిన్నావా? చచ్చిపోయిన మనిషి గొంతు, జగదాంబ పిన్ని భయపడిపోయింది, టేపు ఒక్క లాగు లాగి స్విచ్చి మీద వేలు పెట్టింది. తెల్ల మాత్ర ఏసుకో, మంచినీళ్ళు ఎక్కువ తాగు. సాయంత్రం. టక్.

అత్త ఏడుపు ఆపేసింది. అందరూ ఆపేశారు. ఎవలాపినారు, అంది. సాయంత్రం వత్తానంతాడు ఆడు, ఆ ఒక్క మాటా అననివ్వలేదు, ఎయ్యండి. అమ్మా, ఈ టైములో అదేటమ్మా, అన్నాడు బావ. ఎయ్యీ పైడీ, ఆణ్ణి అననీ, అంది.

నేనే వెళ్ళాను. జగదాంబ పిన్ని పక్కకి జరిగింది, ఆమె గోటికి ఆ టేపు ముక్క ఇంకా అతుక్కునే ఉంది, తెల్లటి అక్షరాలు తలకిందులుగా. స్విచ్చి వేశాను. టీవీ వెలిగింది, నల్లగా. డబ్బా మీద ఎర్ర దీపం వచ్చింది. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని దాని పక్క దీపం వైపు చూశాను. కొంతసేపు పడుతుంది ఒక్కోసారి, ఎండలో వేడెక్కితే పడుతుంది, వైరు వదులైతే పడుతుంది. వైరు నొక్కాను. డబ్బాని అరచేత్తో పట్టుకున్నాను, వెచ్చగా ఉంది.

పచ్చది ఎలిగినాదేటే, అంది అత్త వెనక నుంచి.

ఇందాకటి నుంచి ఆమెకి ఎన్ని అబద్ధాలు చెప్పానో నాకే గుర్తులేదు, ఒక్కదానికీ గొంతు తడబడలేదు. ఈ ఒక్కదానికి నోరు రాలేదు.

లేదత్తా, అన్నాను. ఎర్రదే.